కదలకుండా నిలబడ్డ చిలుకమ్మ

ఈమధ్య హన్మకొండలో పాత ఫోటోల ప్రదర్శన ఒకటి పెడితే చూడబోయి, ముక్కూ మొహం తెలియని మనిషితో గొడవ పెట్టుకుని వచ్చాను. గోడకు ఒక పెద్ద ఫోటో వేలాడదీశారు. నిండుగా కనిపించే చెరువు, ఒడ్డున సగం కూలిన రాతి మండపం, మండపం నీడ నీళ్లలో. ఆ పక్కన తూము రాళ్ల దగ్గర, మొల లోతు నీళ్లలో, చంకన బిందె పెట్టుకుని ఒక ఆడమనిషి. నా పక్కనున్నాయన ఆ ఫోటోకేసి తల ఊపుతూ, "అబ్బ, ఆమె మొహంలో ఎంత ప్రశాంతత!" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ప్రశాంతతా? మీకు కళ్లున్నాయా, ఇంట్లో పెట్టి వచ్చారా?" అనేశాను. ఆయన బిత్తరపోయి పక్క ఫోటో దగ్గరికి జరిగాడు.

ఆయన తప్పేమీ లేదని నాకూ తెలుసు. కానీ ఆ ఆడమనిషి మా అమ్మమ్మ. పేరు చిలుకమ్మ. ఆ నిమిషంలో ఆవిడ ఒంట్లో ఉన్నదంతా కోపమే. ఆవిడ అక్కడ నిలబడి ఏం చేస్తోందో ఫోటో తీసిన పెద్దమనిషికే తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు రాతిగుళ్లపల్లె. ఘనపూర్‌కు రెండు కోసుల దూరం. ఊరి పక్కన రాజుల కాలంనాటి చెరువుంది. ఎండాకాలంలో కూడా అవతలి ఒడ్డు సరిగ్గా ఆనదు, అందుకని మావాళ్లు దాన్ని సముద్రం అంటారు. ఆ చెరువు తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసే మనిషిని మా దిక్కు నీరటి అంటారు. మాలవాడలో తరతరాలుగా ఒక ఇంటివాళ్లే ఆ పని చేస్తారు. అమ్మమ్మది కేసముద్రం దగ్గరి ఊరు, వాళ్ల నాయినా నీరటే. కొడుకులు లేక కూతురినే వెంట దింపుకుని ఆయన పని నేర్పాడు. పన్నెండేళ్లకు రాతిగుళ్లపల్లె నీరటి హన్మంతుకిచ్చి పెళ్లి చేశారు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న యేడు హన్మంతు చలిజ్వరంతో పోయాడు. ఊరి పెద్దలు తూముకు ఇంకో మగమనిషిని పెట్టారు. వాడు తెరిచింది మూయలేక రెండు వారాల్లో పొలాలన్నీ ముంచాడు. అప్పుడు అందరూ కలిసి చిలుకమ్మ గుడిసె ముందుకు వచ్చారు.

"ఆడది తూముల దిగుడేందని మా దొర అంటడు" అని దొర ఉండే గడి గుమాస్తా నసిగాడట.

"అయితె మీ దొరనే దిగుమను. ఏ లోతుకు పోతడో నేను గట్టు మీదికెళ్లి సూస్త" అందట ఈవిడ. దొర అప్పుడు ఊళ్లో లేడు. దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘానికి భయపడి హైదరాబాదు పారిపోయి ఉన్నాడు. ఆ ధైర్యం కొంత దానిదే అనుకోండి, కానీ దొర ఉన్నా అదే మాట అనేదని ఊళ్లో అందరూ చెప్పేవారు. అమ్మమ్మ నోరంటే అంత.

సంఘం ఆ యేడే దొర భూముల్లోంచి పన్నెండు ఎకరాలు తీసి, మాలవాడలో నలుగురికి, తండాలో ముగ్గురికి పంచింది. కాలువ చిట్టచివరి మళ్లు. అంతకుముందు సాగు లేక పడావుగా పడి ఉన్న నేల. మాలవాడ యాకయ్యకు అందులో ఎకరంన్నర వచ్చింది, తండా జైసింగ్‌కు ఆ పక్కనే, అన్నిటికంటే ఆఖరి మడి. వాళ్ల వంశంలో సొంత మడిలో కాలు పెట్టిన మొదటి మనుషులు వాళ్లే. యాకయ్య మా అమ్మమ్మకు వరుసకు తమ్ముడు.

తర్వాత పోలీసు చర్య వచ్చింది. రజాకార్లు పోయారు, బాగుంది. వాళ్లు పోగానే మిలిటరీ లారీల వెనకాల దొర దిగాడు, నెత్తిన కొత్త ఖద్దరు టోపీతో! ఊళ్లో మిలిటరీ క్యాంపు పడింది. భూమి ఎవరిదో కాగితాల్లో ఇంకా తేలలేదు. తేలేలోగా చివరి మళ్లు ఎండితే తిండి లేక వీళ్లే ఊరు విడిచి పోతారని దొర ఎదురు చూస్తున్నాడు. అది ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నలభై తొమ్మిది మార్చి. యాసంగి వరి పొట్ట మీదుంది. అప్పుడు దొరకు ఒక ఉత్తరం వచ్చింది. కోస్తా జిల్లాలో ఒక జమీందారుగారి బంధువు, పెద్ద ఫోటోల పిచ్చి ఉన్నాయన, రాస్తున్నాడు. సముద్ర తీరాలన్నీ తిరిగి ఫోటోలు తీశాడట. ఇప్పుడు మా దిక్కు పాత గుళ్లు, కోటలు, చెరువులు తీసి అన్నీ కలిపి పుస్తకం వేస్తాడట. రాతిగుళ్లపల్లె మండపం నీడ నీళ్లలో పడుతుందని విన్నాడట, అది తప్పక తీయాలట. దొర వెంటనే చెరువు చూసుకున్నాడు. నీళ్లు ఇంకో నాలుగు బారలు వెనక్కి పోతే నీడ బురదలో పడుతుంది. అమ్మమ్మను గడికి పిలిపించాడు.

గడికి పోయినవాళ్లు వంగి, "కాల్మొక్త బాంచెన్" అనాలి. సంఘం ఉన్నన్నాళ్లు ఆ మాట చచ్చిపోయింది. దొరతోపాటు అది కూడా తిరిగొచ్చింది. గుమాస్తా ఆ మాట కోసం అమ్మమ్మ మొహంలోకి చూశాడు. అమ్మమ్మ చెంగు నడుముకు దోపి ఊరికే నిలబడింది.

"ఏమే చిలుకా, తూము ముయ్యి. చుట్టమస్తున్నడు" అన్నాడు దొర.

"ఎన్నొద్దులు దొరా?"

"ఆయన అచ్చి, ఫోటువలు దీస్కొని పోయేదాక."

"చివరి మళ్లు పొట్ట మీదున్నయి దొరా. ఆరేడొద్దులు నీళ్లు లేకుంటె అంత తాలే."

"నా మళ్లకు కట్ట కింది ఊట సాలు. చివరి మళ్లు నాయా? సంఘపోళ్లయి. సంఘాన్ని తెమ్మను నీళ్లు."

"వరికేమెరుక దొరా, అది ఎవరిదో?"

పక్కన మంచం మీద క్యాంపు జమేదారు చాయ్ తాగుతున్నాడు. అతనికి తెలుగు రాదు, కానీ గొంతు పెరగడం ఏ భాషలోనైనా తెలుస్తుంది. లాఠీతో నేల మీద ఒక్కటి కొట్టాడు. అమ్మమ్మ పోయి తూము మూసింది. మూసిన తర్వాత తూము ఎత్తే పొడుగాటి కర్రను దొర మనుషులు పీకి తీసుకుపోయి గడి కొట్లో పెట్టి తాళం వేశారు. కట్ట మీద తుపాకీతో ఒక సిపాయిని కూర్చోబెట్టారు. చెరువులో ఎవరూ కాలు పెట్టొద్దన్నారు. ఒక ఫోటో కోసం!

చుట్టం బుధవారం రావాలి, రాలేదు. జనగామ దిక్కు ఏదో పాత కోట బురుజులు చూసి, అవి బాగున్నాయని అక్కడే మూడు రోజులు దిగిపోయాడట. ఇక్కడ మళ్లు నెర్రెలు విచ్చాయి. శనివారం నాటికి నెర్రెలో చెయ్యి మణికట్టుదాకా దూరుతోంది. యాకయ్య అమ్మమ్మ గుడిసె ముందుకు వచ్చి కూలబడ్డాడు.

"అక్కా, ఇగ రెండొద్దులు. గంతే. ఆ తర్వాత పసులకు కోసుకునుడే."

"నాకు జెప్తవేందిరా, నాకెరుక లేదా? ఆ సిపాయి ముండకొడుకు కట్ట దిగనిస్తలేడు" అని అరిచింది అమ్మమ్మ. అరిచి, లోపలికి పోయి ఏడ్చిందట. ఆ ఏడుపు సంగతి నాతో చెప్పేటప్పుడు కూడా ఆవిడకు కోపమే.

ఆదివారం పొద్దున చుట్టం దిగాడు. ఘనపూర్ దాకా మోటారు కారు, అక్కణ్నుంచి గడి బండి. తెల్లటి పంచె, గుండ్రటి కళ్లద్దాలు. మంచి మర్యాద గల మనిషే, అది కూడా చెప్పాలి. ఊళ్లో వాళ్లు ఆయనకు ఫోటో పంతులు అని పేరు పెట్టేశారు. ఆయన వెంట మూడు పెట్టెలు. ఒకదాంట్లో కెమెరా, ఒకదాంట్లో అద్దం పలకలు, ఇంకోదాంట్లో మూడు కాళ్ల స్టాండు. అవి మోయడానికి వెట్టి మనుషులు కావాలి కదా. వెట్టి పోయిందని అందరూ చెప్పుకుంటున్న కాలం అది. గడివాళ్లు యాకయ్యను పట్టుకొచ్చి పెట్టె నెత్తికెత్తారు. తన పంటను చంపుతున్న పెట్టెను తన నెత్తి మీదే పెట్టుకుని యాకయ్య ఆయన వెనకాల కట్టెక్కాడు.

చెరువులో నేల ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ దిగబడుతుందో నీరటికే తెలుసు. అందుకని అమ్మమ్మను కూడా రమ్మన్నారు. పంతులు ముందుగా మండపంలోకి పోయాడు. అక్కడ తల విరిగిన నంది ఉంది. ఆయన దాని మూపు మీద చెయ్యేసి, "అయ్యయ్యో, ఎంత ఘోరం! ఇంత శిల్పాన్ని ఎవరు పట్టించుకోకుండా ఇలా వదిలేశారండీ?" అని కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. కట్టకు అవతల పన్నెండు ఎకరాల వరి ఎండుతుంటే చూడని కళ్లు, రాతి ఎద్దుకు తల లేదని కారాయి. 

వెలుతురు ఇంకా కుదరలేదని ఆయన మండపం మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి ఆల్బం తీసి దొరకు చూపించాడు. భీమునిపట్నం తీరం, తాటితోపులు, అలలు, పడవలు. కింద నిలబడ్డ అమ్మమ్మ మెడ చాచి చూసింది. అంత నీరు ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"అయ్యా, గీ నీళ్లు ఏ పొలాలకు పోతయి?" అని అడిగింది.

పంతులు నవ్వాడు. "పొలాలకేమిటమ్మా, అది సముద్రం. ఉప్పునీళ్లు. ఊరికే చూడ్డానికే."

"ఊకె సూసుటానికి ఆడ గన్ని నీళ్లున్నయి గద. మరి మా నీళ్లెందుకు?"

పంతులుకు సగం అర్థం కాలేదు. దొరకు మొత్తం అర్థమై గుడ్లురిమాడు.

మధ్యాహ్నం దాటాక పంతులు స్టాండు నాటించాడు. నల్లగుడ్డలో తల దూర్చి, బయటికి తీసి, మళ్లీ దూర్చి, చివరికి పెదవి విరిచాడు. "రాళ్లూ నీళ్లూ ఒక్కటే ఉంటే ఎంత ఎత్తో తెలియదండీ. ఒక మనిషి కావాలి. ఆ తూము రాళ్ల పక్కన, బిందెతో ఒక ఆడమనిషి ఉంటే బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు. అక్కడున్న ఆడమనిషి అమ్మమ్మ ఒక్కతే. గడి నుంచి ఇత్తడి బిందె తెప్పించారు. అది అమ్మమ్మ చంకకెక్కగానే గుమాస్తా మొహం మాడిపోయింది. మాలామె ముట్టిందని తర్వాత ఆ బిందెను గడిలోకి రానివ్వలేదట, చింతపండేసి ఏడుసార్లు తోమించినా కూడా. మొన్న ప్రదర్శనలో అదే బిందెను చూసి ఎవరో అందంగా ఉందన్నారు!

అమ్మమ్మ నీళ్లలోకి దిగింది. సిపాయి ఏమీ అనలేదు, దొరే దిగమన్నాడు కదా. ఏడు రోజుల తర్వాత ఆవిడ కాలు తూము రాయిని తాకింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కర్రతో తెరిచే పెద్ద రంధ్రం కాకుండా, మా తూముకు అడుగున ఇంకో రంధ్రం ఉంది. కొబ్బరికాయ పట్టేంత. పూడిక కొట్టుకుపోవడానికి పాతకాలం వాళ్లు పెట్టింది. మావాళ్లు దాన్ని చిన్నకన్ను అంటారు. దానికి తుమ్మమొద్దు బిరడా, బిరడాకు తాడు ఉచ్చు. నీళ్లలో ఉంటుంది గనుక బయటికి కనిపించదు. అది ఒకటుందని నీరటి ఇంటివాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. మునిగి చేత్తో లాగే పనిలేదు. ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి బొటనవేలు ఉచ్చులో దూర్చి లాగుతారు. మా అమ్మమ్మకు ఆ పని ఎనిమిదేళ్లప్పుడే, వాళ్ల నాయిన దగ్గరే వచ్చు.

"అమ్మా, ఇటు చూడు. కదలకూడదు. నేను చెప్పేదాకా చెయ్యి కూడా కదిలించకూడదు, తెలిసిందా?" అన్నాడు పంతులు.

"కదలనయ్యా" అంది అమ్మమ్మ.

పంతులు వెలుతురు కోసం, మబ్బు కోసం, గాలి ఆగడం కోసం అరగంట నిలబెట్టాడు. ఆ అరగంటలో భుజం కదలకుండా, బిందె ఒరగకుండా, నేరుగా దొర కళ్లలోకి చూస్తూ అమ్మమ్మ ఉచ్చు వెతికింది, వేలు దూర్చింది, లాగింది. మొదటిసారి రాలేదు. నీటి బరువు బిరడాను లోపలికి నొక్కి పెడుతుంది. పళ్లు బిగించి మళ్లీ లాగింది. అదిగో, ఆ పళ్ల బిగింపే ప్రదర్శనలో నా పక్కనున్నాయనకు ప్రశాంతతగా కనిపించింది! మూడోసారికి బిరడా ఊడింది. పాదం కింద నీళ్లు గుంజుకుపోవడం తెలిసింది. సరిగ్గా అప్పుడే పంతులు "ఆఁ, అలాగే!" అని ఫోటో తీశాడు.

గట్టెక్కి పోతూ, పెట్టెలు సర్దుతున్న యాకయ్య పక్కన ఆగి, చీర పిండుకుంటూ, "కాలువ మొకాన పోయి సూస్కోరా" అంది, అంతే. కాలువ కట్టకు అవతలి పక్కన, తుంగలో పారుతుంది. సిపాయి మొహం చెరువు వైపు. ఆ సాయంత్రం నుంచి యాకయ్య, జైసింగ్ పారలు పట్టుకుని, దొర మళ్ల గండ్లు కట్టేస్తూ నీళ్లను కిందికి నడిపించుకుపోయారు. తెల్లారగట్ల పంతులు పొద్దుపొడుపు ఫోటో కోసం అమ్మమ్మను మళ్లీ అక్కడే నిలబెడితే, వెలుగొస్తే కాలువ కనబడుతుందని ఆవిడ కాలితోనే బిరడా నొక్కేసింది. మళ్లు తడిశాయి కానీ సరిపోలేదు. ఇంకో తడి పడితే తప్ప గింజ నిండదు.

అంతా బాగానే గడిచిపోయేది. కానీ గడికి కబుర్లు మోసే ఊరి మస్కూరి పొద్దున్నే అటు పోయి, బురదలో పార పట్టుకుని నిలబడ్డ యాకయ్యను చూశాడు. జైసింగ్ జొన్నచేలో దూరి తప్పించుకున్నాడు. యాకయ్యను లాక్కొచ్చి మండపం స్తంభానికి కట్టేశారు. తూము కర్ర గడి కొట్లోంచి ఎట్లా దొంగిలించావు, ఏ దళం వాళ్లు సాయం వచ్చారు అని జమేదారు ఒకటే బాదుడు. కొట్టు తాళం వేసింది వేసినట్టే ఉంది, కర్ర లోపలే ఉంది. అయినా సరే, బాదుడు బాదుడే. యాకయ్య నోట్లోంచి నెత్తురు కారుతోంది.

పంతులు అప్పుడే ఇంకో ఫోటోకు స్టాండు నాటుకుంటున్నాడు. నల్లగుడ్డలోంచి తల తీసి, చాలా మర్యాదగా, "ఇతన్ని కాస్త పక్కకు తీయిస్తారా? మండపానికి అడ్డంగా ఉన్నాడు" అన్నాడు.

జమేదారుకు అది మంచి సలహాగా తోచింది. "జంగల్ లే చలో" అన్నాడు. అడవికి తీసుకుపోవడమంటే ఆ రోజుల్లో ఏమిటో చెప్పక్కర్లేదు. పోయినవాళ్లెవరూ నడిచి తిరిగి రాలేదు. అమ్మమ్మ పరుగున వచ్చి మధ్యలో నిలబడింది.

"వానికేం తెల్వదు. నీళ్లు నేనిడిసిన."

దొర నవ్వాడు. "కర్ర లేక ఎట్ల ఇడుస్తవే? వాడు నీ తమ్ముడని మీదేస్కుంటున్నవు."

"అబద్ధమండీ" అన్నాడు పంతులు, పాపం సాయం చేస్తున్నాననుకుని. "నిన్నా ఇవాళా ఆమె నా కళ్లెదురుగానే ఉంది. వేలు కూడా కదిలించలేదు. కదిలితే నా ప్లేటు పాడయ్యేది కదా."

సిపాయిలు యాకయ్య కట్లు విప్పి లారీ వైపు తోశారు. అమ్మమ్మకు ఇక పట్టలేని కోపం వచ్చింది. దొర మీద ఒక్కడి మీదే కాదు, ఆ కళ్లద్దాల మీద కూడా. రెండు రోజులు తన మొహంలోకే చూస్తూ కూర్చుని ఏమీ చూడని మనిషి మీద.

"ఓ ఫోటువ పంతులూ! నీ నల్లగుడ్డల తలకాయ వెట్టు. నేను మల్ల నిలవడ్త. కదిలిన్నో లేదో నువ్వే చెప్పు. దొరా, నువ్వు గూడ సూడు. కండ్లు పెద్దగ జేస్కొని సూడు" అంది. ఇంకెవరి మాటా వినకుండా నీళ్లలోకి నడిచింది.

జమేదారు ఏమనుకున్నాడో, లారీ దగ్గర వాళ్లను ఆగమని చెయ్యెత్తాడు. పంతులు గుడ్డలోకి దూరాడు. అమ్మమ్మ తూము రాయి పక్కన నిలబడి, ఈసారి బిందె లేదు గనుక రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. అందరూ ఆవిడనే చూస్తున్నారు. చేతులు కదలలేదు, భుజం కదలలేదు. రెప్ప కూడా వేయలేదని తర్వాత పంతులే అన్నాడట. కాసేపటికి కట్టకు అవతలి నుంచి మస్కూరి కేక వినబడింది.

"నీళ్లు! దొరా, కాల్వల నీళ్లచ్చినయి!"

పంతులు గుడ్డలోంచి బయటికి వచ్చి, "కదల్లేదండీ" అన్నాడు, పిచ్చివాడిలా.  అప్పుడు అమ్మమ్మ వంగి, కాలివేలికి తగులుకున్న బిరడాను చేత్తో అందుకుని, పైకెత్తి అందరికీ చూపించింది. చూపించి, బలం కొద్దీ చెరువు నడిమిలోకి విసిరింది. తరాలుగా నానిన మొద్దు, బుడుంగున మునిగిపోయింది.

దొర మొహంలో రంగు పోయింది. "ముయ్యవే! ముయ్యి, చిలుకా! చిలుకమ్మా, జర మూసెయ్" అన్నాడు. ఆ నోటి నుంచి ఆవిడ పూర్తి పేరు రావడం అదే మొదలు.

"పంట పండినంక అస్త దొరా" అంది అమ్మమ్మ.

నలుగురు సిపాయిలు నీళ్లలో దిగి తడుముకున్నారు. రంధ్రం ఎక్కడుందో దొరకలేదు. తర్వాత రెండు రోజులు దొర మనుషులు గోనెసంచుల్లో ఇసుక నింపి కుక్కారు. అయినా నీళ్లు కారుతూనే ఉన్నాయి. జమేదారు యాకయ్యను వదిలేయమన్నాడు. అందరి ఎదుట చేసి చూపించాక ఇంకొకణ్ణి చంపడానికి అతనికి కూడా మొహం చెల్లలేదు. ఆ తాళ్లతోనే అమ్మమ్మ చేతులు కట్టారు. లారీ ఎక్కిస్తుంటే ఆవిడ పంతులు వైపు తిరిగింది.

"గిప్పుడు దియ్యి! గిప్పుడు దియ్యవేంది? గిది గూడ నీ పుస్తకంల ఎయ్యి!" అని అరిచింది.

ఆయన తలొంచుకుని స్టాండు కాళ్లు మడుచుకున్నాడు. గోదావరి ఒడ్డు తీయాల్సి ఉందని ఆ పూటే వెళ్లిపోయాడు.

క్యాంపులో ఏ కాలితో తెరిచావని అడిగి, ఆ కాలి మీదే కొట్టారు. బొటనవేలు ఎముక నుజ్జయింది. ఆ వేలు ఇక వంగలేదు. ఆ తర్వాత పద్నాలుగు నెలలు జైలు. మరుసటి యేడు కాగితాలు తేలి పన్నెండు ఎకరాలూ దొర చేతిలోకి పోయాయి. యాకయ్య మళ్లీ కూలికి పోయాడు, జైసింగ్ వాళ్లు తండా విడిచి పోయారు. ఇవన్నీ నేను దాచను. కానీ ఆ యేటి పంట మాత్రం ఆ ఏడు ఇళ్లకూ చేరింది.

కోతలయ్యాక యాకయ్య, జైసింగ్ కలిసి జైలుకు పోయారు. జైసింగ్ పెళ్లాం రుక్కి కొత్త బియ్యం వండి, పచ్చిపులుసు చేసి, మూట కట్టి ఇచ్చింది. కుంటుకుంటూ వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, అమ్మమ్మ మూట విప్పింది. ఒక ముద్ద తిని ఆగింది.

"గివి ఏ మడియిరా?"

"ఆఖరిదక్కా" అన్నాడు జైసింగ్. "నా మడియే."

అమ్మమ్మ మళ్లీ తినడం మొదలుపెట్టింది. యాకయ్య ఆవిడ కాలివైపే చూస్తున్నాడు. వాచి నల్లబడిన ఆ వేలిని చూసి వాడికి ఏడుపు ఆగలేదు.

"నొస్తుందా అక్కా?"

"నొయ్యకేం జేస్తదిరా" అంది అమ్మమ్మ, నోటినిండా అన్నంతో. "ఇంకింత వెట్టు."